స్టీరింగు బరువు దించిన ఫ్రాన్సిస్ డేవిస్

తిరుమల నుండి దిగివచ్చు బస్సులో డ్రైవరు వెనుకనే కూర్చుండుట నాకు చిన్ననాటినుండియు వేడుక. తక్కిన యాత్రికులు లోయను, అడవిని, అల్లంత దూరమున కనిపించు తిరుపతి మేడలను చూచుటకు కిటికీలవైపు ఒరుగుచుందురు. నా చూపు డ్రైవరు చేతులమీద నిలుచును. వచ్చిన దిక్కునకే మరల పోవునట్లు వంగిన మలుపు ఎదురైనపుడు నేటి డ్రైవరు చక్రముమీద ఒక అరచేయి ఆనించి త్రిప్పును. నిండు బస్సు సాధువైన ఆవువలె మెడ త్రిప్పి దారికి వచ్చును.

నా బాల్యమున చూచిన దృశ్యము వేరు. అప్పటి డ్రైవరు మలుపు దగ్గరపడుచుండగనే సీటు అంచునకు జరిగి, నడుము బిగించి, ఆ పెద్ద చక్రమునకు వ్రేలాడునట్లు రెండు చేతులతో లాగెడివాడు. మలుపు తీరిన పిమ్మట చక్రమును వెనుకకు విడిచి, మెడమీది తువాలుతో అరచేతులు తుడుచుకొనెడివాడు. అంతలో మరియొక మలుపు. అలిపిరి చేరుసరికి అతని చొక్కా వీపునకు అంటుకొని యుండెడిది. దేవుని దర్శించిన పుణ్యము యాత్రికులది, చెమట డ్రైవరుది అని మా మేనమామ పరిహాసమాడెడివాడు.

అలిపిరి నుండి తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరువబడెను. అంతవరకు కాలినడకయే గతి, నడువలేనివారికి డోలీలు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో రూపొందిన ఆ దారి పొడవు సుమారు 19 కిలోమీటర్లు. అందు హెయిర్‌పిన్ మలుపులే 36 అని లెక్క. 1974లో రెండవ ఘాటు రోడ్డు ఏర్పడువరకు ఎక్కుటయు దిగుటయు ఆ ఒక్క దారినే. నేడది దిగుటకు మాత్రమే ఉపయోగపడుచున్నది. దారి అదే, మలుపులు అవే. మారినది డ్రైవరు చేతులకును ముందు చక్రములకును నడుమ నున్న ఒక ఇనుప పెట్టె. దాని పేరు పవర్ స్టీరింగు గేరు. దానిని ఆలోచించిన వాని కథ ఈ వారము మన పాఠకులకు చెప్పదలచితిని. యంత్రములను గూర్చిన కథ యని విద్యార్థులు భయపడనక్కరలేదు. ఇది ముఖ్యముగా ఒక మనుష్యుని ఓర్పును గూర్చిన కథ.

ఫ్రాన్సిస్ రైట్ డేవిస్ 1887వ సంవత్సరమున అమెరికాయందు ఫిలడెల్ఫియా నగరములోని జర్మన్‌టౌనున జన్మించెను. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు కోరినది 1886లో. అనగా మోటారు బండియు, దాని స్టీరింగును మచ్చిక చేసిన ఈ మనుష్యుడును ఇంచుమించు ఒక యీడువారు. డేవిస్ హార్వర్డు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1910లో పట్టము పొంది, బఫెలో నగరమందలి పియర్స్-ఆరో మోటారు కంపెనీలో చేరెను. ఆ కంపెనీ కార్లు సంపన్నుల కార్లు. 1909లో అమెరికా అధ్యక్షుడు టాఫ్ట్ శ్వేతసౌధమునకు కొనిన కార్లలో అవియు నుండెను. కాని డేవిస్ జీవితమును మలచినవి ఆ విలాసపు బండ్లు కావు, అదే కంపెనీ తయారుచేసిన లారీలు. మొదటి ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యములకు ఆ లారీలు విశేషముగ పోయెను. డేవిస్ క్రమముగ ఆ లారీల శాఖకు ప్రధాన ఇంజనీరు అయ్యెను.

లారీలతో మెలగినవానికి స్టీరింగు బాధ తెలియకుండుట అసంభవము. లారీ ముందు చక్రములను త్రిప్పుట యనగా బరువుతో నేలకు అదుముకొన్న రబ్బరును నేలమీద రుద్దుటయే. బండి కదలుచున్నపుడు కొంత నయము; నిలిచియున్నపుడును, మెల్లగా ఇరుకు మలుపు తిరుగుచున్నపుడును ప్రాణము పోవును. రాతిమీద చక్రము ఎక్కినచో ఆ దెబ్బ గేరు గుండ వెనుకకు వచ్చి డ్రైవరు చేతిలోని చక్రమును విదల్చివేయును. మణికట్టు విరిగినను ఆశ్చర్యము లేదు.

దీనికి అప్పటివరకు తెలిసిన మందు ఒక్కటే, గేరు నిష్పత్తిని పెంచుట. డ్రైవరు తన చక్రమును ఇరువది డిగ్రీలు త్రిప్పినపుడు బండి చక్రము ఒక డిగ్రీ మాత్రమే తిరుగునట్లు పళ్లు అమర్చినచో చేతికి బరువు తగ్గును. అయితే తగ్గిన బరువునకు బదులుగా త్రిప్పవలసిన చుట్లు పెరుగును. మీట సూత్రము బోధించు ఉపాధ్యాయులు పిల్లలను ఒకసారి పాతకాలపు లారీ యొద్దకు కొనిపోయినచో చాలును, నల్లబల్లతో పని యుండదు. నిష్పత్తిని ఇంకను పెంచినచో మలుపు వచ్చిపోవును గాని డ్రైవరు చుట్లు త్రిప్పుట ముగియదు. ఘాటు రోడ్డుమీద అది బరువుకంటె పెద్ద అపాయము.

కనుక డ్రైవరు బలమును హెచ్చించుట కాదు, ఇంజను బలమును అరువు తెచ్చుకొనవలెనని డేవిస్ నిశ్చయించుకొనెను. ఈ ఆలోచన పూర్తిగా క్రొత్తదని చెప్పుట న్యాయము కాదు. పిట్స్‌బర్గు వాసి రాబర్ట్ ట్వైఫర్డ్ అంతకుముందే, 1900లో, యంత్రశక్తితో స్టీరింగు త్రిప్పు పద్ధతి యొకదానికి పేటెంటు పొందియుండెను. ఓడలలో ఆవిరితో చుక్కాని త్రిప్పుట అప్పటికే కలదు. కాని రోడ్డుమీద నడుచు బండిలో ఇమిడి, నిత్యము పనిచేయు సాధనము ఎవరికిని సాధ్యము కాలేదు.

1922లో డేవిస్ కంపెనీ ఉద్యోగమునకు స్వస్తి చెప్పెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు. మంచి పదవి, మంచి జీతము. వానిని విడిచి వచ్చినది ఊహలోనున్న ఒక పెట్టె కొరకు. మసాచుసెట్స్ రాష్ట్రమున గడియారముల తయారీకి పేరొందిన వాల్థాం పట్టణమున చిన్న పనిశాల అద్దెకు తీసుకొని, జార్జి జెస్సప్ అను నిపుణుడైన పనివానిని తోడు చేర్చుకొని పని మొదలుపెట్టెను. గడియారముల ఊరిని ఎంచుకొనుట యాదృచ్ఛికమో, ఉద్దేశపూర్వకమో గాని, చేయబోవు పనికి అది తగిన ఊరే. వెంట్రుకవాసి తేడా వచ్చినను చెడిపోవు పని యది.

బలమును మోయుటకు ఆయన చమురును ఎంచుకొనెను. మూసిన గొట్టములోని ద్రవముమీద ఒకచోట నొక్కినచో ఆ నొక్కుడు అన్ని వైపులకు సమానముగ పోవునని పాస్కల్ సూత్రము. పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. చిన్న గొట్టము గుండ వచ్చిన చమురు పెద్ద పిస్టనును త్రోసినపుడు పుట్టు బలము అపారము. చిక్కంతయు ఎక్కడనగా, ఆనాటి పద్ధతిలో చమురును ఎల్లప్పుడును అధిక పీడనముతో ఒక తొట్టిలో బంధించి, వాల్వు మూసియుంచి, అవసరమైనపుడు వాల్వు తెరచెడివారు. కర్మాగారములోని పెద్ద యంత్రమునకు అది సరిపోవును. కుదుపులతో తిరుగు బండిలో ప్రతి కీలునుండియు చమురు కారును, తొట్టి బరువు వేరొకటి, పంపునకు విశ్రాంతి యుండదు.

డేవిస్ ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. ఆయన ప్రతిభ యంతయు ఇచటనే యున్నదని నా అభిప్రాయము. వాల్వును ఎప్పుడును తెరచియే యుంచవలెను. చమురు పంపునుండి వాల్వు గుండ మరల పంపునకు అడ్డులేక పారుచుండవలెను. అట్లు పారు చమురునకు పీడనము స్వల్పము, కారుట స్వల్పము, పంపునకు శ్రమ స్వల్పము. డ్రైవరు చక్రమును త్రిప్పినపుడు మాత్రము వాల్వు రవంత జరిగి ఒక దారిని ఇరుకు చేయును. అప్పటికప్పుడు ఆ వైపున పీడనము పెరిగి పిస్టనును త్రోయును. మన చిత్తూరు సీమ రైతునకు ఇది చెప్పనక్కరలేదు. చెరువు తూము మూసి నీటిని నిలబెట్టుట ఒక విధము. పారుచున్న కాలువలో పారెడు మట్టి అడ్డువేసి మడవ త్రిప్పుట మరియొక విధము. డేవిస్ మడవ త్రిప్పెను.

ఆ పెట్టెను ఇప్పుడు ఒకసారి విప్పి చూతము. నేను వర్ణించుచున్నది నేటి బస్సులలోనూ లారీలలోనూ కనిపించు రూపము. ఇందలి కొన్ని భాగములు డేవిస్ తరువాతివారు చేర్చినవి, సూత్రము మాత్రము ఆయనది. డ్రైవరు చక్రము నుండి దిగివచ్చు కడ్డీ పెట్టెలో ప్రవేశించుచోట సన్నని ఉక్కు ఊచ యొకటి కలదు; దానిని టార్షన్ బారు అందురు. డ్రైవరు త్రిప్పుట, క్రింది చక్రము ఎదురుతిరుగుట, ఈ రెంటి నడుమ నలిగి ఆ ఊచ కొలది డిగ్రీలు పురి పడును. దాని చుట్టు ఒకదానిలో నొకటి ఇమిడిన రెండు గొట్టములవంటి భాగములు కలవు. వాటి గోడలలో గాడులు, రంధ్రములు. ఇదియే వాల్వు. ఊచ తిన్నగా నున్నంతసేపు గాడులు ఎదురెదురుగా నుండి చమురు ఇరువైపులకు సమానముగ పోవును. ఊచ పురి పడగనే గాడులు ప్రక్కకు జరిగి, ఒక దారి ఇరుకగును, మరియొకటి వెడల్పగును.

వాల్వు దాటిన చమురు సిలిండరులోనికి పోవును. అందలి పిస్టను వింతది. అది పిస్టనును, నట్టును గూడ. దాని లోపల మరచుట్లు గల కడ్డీ తిరుగును. మరకును నట్టునకును నడుమ ఉక్కు గుండ్లు వరుసగా దొరలుచు, చివర చేరినవి ఒక వంకర గొట్టము గుండ మొదటికి వచ్చుచుండును. రాపిడికి బదులు దొరలుట యుండుటచే అరుగుదల తక్కువ. పిస్టను వెలుపలి ప్రక్క పళ్లు కోయబడి యుండును. అవి అడ్డముగ నున్న మరియొక కడ్డీ పళ్లతో కలిసికొనును. పిస్టను ముందునకో వెనుకకో కదలినపుడు ఆ కడ్డీ తిరిగి, పెట్టె వెలుపలనున్న పిట్‌మన్ ఆర్మ్ అను చేతిని ఊపును. ఆ చేయి లింకులను, లింకులు చక్రములను త్రిప్పును. పెద్ద వాహనములలో ఈ చమురు పీడనము గాలి పీడనమునకు నూరు రెట్లను మించుట సామాన్యము. అంతటిదానిని డ్రైవరు వ్రేళ్లకు అందకుండ ఆపునవి కొన్ని రబ్బరు సీళ్లు మాత్రమే. చక్రమును చివరంట త్రిప్పి పట్టియుంచినపుడు పంపు మూలుగుట విన్నారు కదా. పీడనము హద్దు మీరకుండ రిలీఫ్ వాల్వు తెరచుకొని చమురును వెనుకకు పంపుచున్నదని అర్థము.

ఇంజను ఆగిపోయినచో ఏమగును? పంపు నిలుచును, చమురు బలము పోవును. అయినను మరయు పళ్లును అట్లే యున్నవి గనుక డ్రైవరు తన చేతిబలముతో బండిని త్రిప్పగలడు. మా చిన్ననాటి డ్రైవరువలె చెమటోడ్చవలెను, అంతే. మరియొక మెలకువ యున్నది. రోడ్డు పట్టును డ్రైవరు చేతికి బొత్తిగా తెలియనీయకుండ చేసినచో అతడు గ్రుడ్డివాడగును. అందుచేత డేవిస్ పద్ధతిలో కొంత ఎదురు బలము చేతికి మిగిలియుండును. బరువు తీయుట ఎంత ముఖ్యమో, ఎంత బరువు తీయక విడువవలెనో తెలియుట అంత ముఖ్యము.

1925 నాటికి పరికరము సిద్ధమై, 1921 నాటి పియర్స్-ఆరో కారొకదానికి అమర్చబడెను. మరుసటి సంవత్సరము డేవిస్ ఆ కారును డెట్రాయిటునకు తీసుకొనిపోయి పెద్ద కంపెనీలకు నడిపి చూపెను. జనరల్ మోటార్సు వారు ముగ్ధులై ఒప్పందము చేసికొనిరి. ఆయన ఆ కంపెనీ ఇంజనీర్లతో కలిసి ఏండ్ల తరబడి పరికరమునకు మెరుగులు దిద్దెను. కాడిలాక్ కార్లలో దానిని ప్రవేశపెట్టవలెనని యోజన.

ఇంతలో 1929 వచ్చెను. ఆర్థికమాంద్యము అమెరికాను క్రుంగదీసెను. కారు కొనువారే కరవైనపుడు, స్టీరింగు తేలిక చేయుటకు అదనముగ పైకము ఇచ్చువారెవరు? క్రొత్త అచ్చులు, క్రొత్త యంత్రములు కొనుటకు పెట్టవలసిన పెట్టుబడి తిరిగి వచ్చునన్న ఆశ కంపెనీకి లేకపోయెను. 1934లో ఒప్పందము రద్దయ్యెను. పరికరములో లోపము లేదు, పనితనములో లోపము లేదు, కాలము కలిసిరాలేదు. డేవిస్ వయస్సు నలుబదియారు దాటెను.

ఇట్టి సమయమున ఉద్యోగము వెదకుకొనిన వానిని మనము తప్పు పట్టము. డేవిస్ మరియొక తలుపు తట్టెను. 1936లో బెండిక్స్ కంపెనీతో క్రొత్త ఒప్పందము కుదిరెను. అయినను 1939 నాటికి తయారైన పరికరములు పదియే! వాటిలో రెండింటిని ప్రయోగార్థము కొన్నవారు, వెనుక ఒప్పందము త్రెంచుకొనిన జనరల్ మోటార్సువారే.

విలాసము కోరని దానిని యుద్ధము కోరెను. ఇనుప కవచము తొడిగిన సైనిక వాహనపు బరువును చేతులతో త్రిప్పుట దుస్సాధ్యము. బ్రిటిషు సైన్యము కొరకు తయారైన షెవ్రొలే కవచవాహనములకు డేవిస్ పరికరములు అమర్చబడెను. 1945 నాటికి అట్టి సైనిక వాహనములు పదివేలను మించెనని లెక్క. ఈ సంవత్సరములను మన సీమ చరిత్రతో కలిపి చూచినచో ఒక విచిత్రము తోచును. 1944లో తొలి బస్సులు వట్టి చేతుల బలముతో శేషాచలము మలుపులు తిరుగుచుండగా, ఆ శ్రమను తీర్చు సాధనము వేలకొలదిగా యుద్ధరంగములలో పనిచేయుచుండెను. మన డ్రైవర్లకు ఆ సంగతి తెలియదు. తెలిసినను చేయగలిగినది లేదు.

యుద్ధము ముగిసెను. డేవిస్‌కు అరువదియేండ్లు సమీపించెను. అమెరికాలో ఆనాడు పేటెంటు ఆయుర్దాయము పదునేడేండ్లు. తొలినాళ్ల పేటెంట్లు ఒక్కొక్కటిగ గడువు తీరిపోవుచుండెను. 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో హైడ్రాగైడ్ అను పేర పవర్ స్టీరింగును అమ్మకమునకు పెట్టెను. సాధారణ జనుల కొరకు అమ్మిన కార్లలో ఇది మొదటిది. దానికి ఆధారము గడువు తీరిన డేవిస్ పేటెంట్లే. చట్టప్రకారము ఇందు దోషము లేదు. ఒక నియమితకాలము తరువాత కల్పన లోకమునకు చెందవలెనన్న నియమము మంచిదే. కాని ఆ పదునేడేండ్లలో అధికభాగము మాంద్యమునకును యుద్ధమునకును బలియైనపుడు, నియమము మంచిదైనను మనస్సు నొచ్చుకొనక మానదు.

కథ ఇచట ముగిసియుండినచో డేవిస్ పేరు ఈనాడు మనకు తెలిసియుండెడిది కాదేమో. క్రైస్లరు కార్లకు వచ్చిన ఆదరణ చూచి జనరల్ మోటార్సువారు తొందరపడిరి. ఇరువదియైదేండ్ల క్రిందట తమ వాకిటికి వచ్చి నిలిచిన మనుష్యుని వద్దకు వారే మరల వచ్చిరి. గడువు మిగిలిన పేటెంట్లు ఆయన చేతిలో ఇంకను కలవు. క్రొత్త ఒప్పందము జరిగెను. 1952లో కాడిలాక్ కార్లు డేవిస్ పద్ధతి స్టీరింగుతో వెలువడెను. అనగా మాంద్యమునకు పూర్వము అనుకొన్న కార్లలోనే, అనుకొన్న పనియే. ఆ పిమ్మట కొలది సంవత్సరములలోనే లక్షలకొలది కార్లకు ఆ పరికరము అమరెను. ఆలస్యముగనైనను డేవిస్ తన శ్రమకు ఫలము కంటితో చూచెను. ఎందరో కల్పకులకు ఆ భాగ్యమైన లేదు.

మన దేశమునకు ఆ పెట్టె చాల నెమ్మదిగ వచ్చెను. అంబాసిడరు కారు దశాబ్దములపాటు చేతిబలముతోనే తిరిగెను. చిత్తూరు బెల్లమును, మదనపల్లె టమోటాలను మోసికొనిపోవు లారీలు మొగిలి ఘాటున, భాకరాపేట ఘాటున ఎందరు డ్రైవర్ల భుజములను అరుగదీసెనో లెక్క వ్రాసినవారు లేరు. ఆ తరము డ్రైవర్లలో కుడిభుజము పైకి లేవనివారిని నేను ఎరుగుదును. వయస్సు మీద పడినదని వారు సరిపెట్టుకొనిరి.

డేవిస్ 1978లో, తొంబదియేండ్లు నిండిన పిమ్మట, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో కన్నుమూసెను. నేటి చిన్నకార్లలో చమురునకు బదులు విద్యుత్తు మోటారు ఆ పని చేయుచున్నది. తిరుమల దారిన 2022 నుండి విద్యుత్ బస్సులును తిరుగుచున్నవి. కాని బరువైన డీజిలు బండ్లలో చమురే ఇంకను పారుచున్నది.

కొన్ని నెలల క్రిందట చిత్తూరులో ఒక షెడ్డున లారీ స్టీరింగు పెట్టెను విప్పుచుండగా చూచితిని. మేస్త్రీ పిస్టనును ఊడదీసి, ఉక్కు గుండ్లు జారిపోకుండ పళ్లెములో లెక్కించి పెట్టెను. సీళ్లను విరిచి పారవేసెను. చివరకు వాల్వును చేతిలోనికి తీసికొని గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి గాడులను పరీక్షించి, దీనికి ఏమియు కాలేదు సారూ అని ప్రక్కన పెట్టెను. ప్రక్కనున్న పిల్లవాడు అది ఏమిటని అడిగెను. మేస్త్రీ దానిని వాని అరచేతిలో పెట్టి, పైభాగమును పట్టుకొని త్రిప్పి చూడుమనెను. పిల్లవాడు శక్తికొలది త్రిప్పెను. గాడులు వెంట్రుకంత ప్రక్కకు జరిగి, వాడు చేయి వదలగనే మరల యథాస్థానమునకు వచ్చెను.